టీబీ రోగుల మధ్య డ్యూటీ చేసేవాళ్లు లేటెంట్ టీబీ టెస్టు చేయించుకోవడం ఎలా?

లేటెంట్ టీబీ అంటే టీబీ క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బుగా బయటపడకపోవడం. అన్నిటికంటే ముందు ఒక మాట. రక్తంలో "టీబీ ఐజీజీ, ఐజీఎం" అని యాంటీబాడీలు చూసే టెస్టు జోలికి మాత్రం వెళ్లకండి. మా వార్డులో కొత్తగా చేరిన స్టాఫ్ నర్సు అమ్మాయి ఒక ల్యాబ్‌లో అదే చేయించుకుని, పాజిటివ్ అని రాసిన కాగితం పట్టుకుని నైట్ డ్యూటీ అంతా ఏడుస్తూ కూర్చుంది. టీబీ నిర్ధారణకు ఈ టెస్టులు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే చెప్పింది, 2012లో మన దేశం వాటిని నిషేధించింది కూడా.

టీబీ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి దాంతో ప్రధానంగా పోరాడేవి టీ కణాలు, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలు. యాంటీబాడీలు కూడా తయారవుతాయి గానీ ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటాయి, వాటిని చూసి ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేల్చలేం. అలాగని అవి పనికిరానివేమీ కావు. బీజింగ్‌లో టీబీకి గురయ్యే ఆరోగ్య సిబ్బందిలో కొందరి యాంటీబాడీలను ఎలుకలకు ఇస్తే కొంత రక్షణ కనిపించిందని 2017లో ఒక పరిశోధన వచ్చింది. నాకది చాలా ఆశ కలిగించే విషయం, కానీ అది ఇంకా పరిశోధనే.

ఇక టెస్టు సంగతి. మొదట జబ్బు ఇప్పటికే బయటపడిందేమో చూసుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా నేరుగా కళ్లె పరీక్ష, ఛాతీ ఎక్స్‌రేకి వెళ్లండి. లేటెంట్ అంటే క్రిమి ఒంట్లో నిద్రపోతున్నట్టు, లక్షణాలుండవు, ఎవరికీ అంటదు, ఇంట్లో పిల్లల్ని దూరం పెట్టాల్సిన పనే లేదు.

లక్షణాలేవీ లేకపోతే మాంటూ (చర్మం మీద చేసే టెస్టు) గానీ ఇగ్రా (యాంటీబాడీలను కాకుండా, రక్తంలో టీ కణాల స్పందనను చూసే టెస్టు) గానీ చేయించండి. మాంటూలో ముంజేతి చర్మం పొరలోకి 0.1 మి.లీ. మందు ఎక్కిస్తారు, 48 నుంచి 72 గంటల మధ్య చూపించుకోవాలి. గురువారం వేయించుకుంటే అది శని, ఆదివారాల్లో పడుతుంది, అందుకే సోమవారమో మంగళవారమో మేలు. చూడాల్సింది ఎరుపును కాదు, గట్టిదనాన్ని. బాల్‌పెన్‌తో పక్కనుంచి మధ్యకు మెల్లగా గీస్తూ వస్తే ఒక చోట పెన్ను తట్టుకున్నట్టు ఆగుతుంది, రెండో వైపు నుంచీ అలాగే గీసి, ఆ రెండు చోట్ల మధ్య చేతికి అడ్డంగా స్కేలు పెట్టి కొలవాలి. ఆరోగ్య సిబ్బందికి మామూలుగా 10 మి.మీ. లేదా ఎక్కువ వస్తే పాజిటివ్. చాలామంది కంటితో చూసి "కొంచెం ఎర్రగా ఉంది" అని రాసేస్తారు, అలా ఒప్పుకోకండి.

చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల కూడా మాంటూ పాజిటివ్ రావచ్చు. ఇగ్రాకి ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అందులో వాడే ప్రోటీన్లు బీసీజీలో ఉండవు. ఖర్చు ఎక్కువే, కానీ ఒకసారి రక్తం ఇస్తే చాలు. రెండూ చేయించాలనుకుంటే ఇగ్రా రక్తం ముందు ఇవ్వండి.

పాజిటివ్ వస్తే టెన్షన్ పడకండి. జీవితకాలంలో జబ్బుగా మారేది 100 మందిలో 5 నుంచి 10 మందికే, అదీ ఎక్కువగా మొదటి రెండేళ్లలో. ఎక్స్‌రేతో జబ్బు లేదని తేల్చుకున్నాక, నివారణ మందు అవసరమా అని డాక్టర్‌ను అడగండి. రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదా దానికి రిఫాపెంటిన్ అనే మందు కలిపి వారానికోసారి మొత్తం 12 డోసులు, ఇలా రెండు పద్ధతులున్నాయి. షుగర్, లివర్ సమస్య, గర్భం ఉంటే ముందే చెప్పండి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అదీ చెప్పాలి, రిఫాపెంటిన్ వాటి పనితనాన్ని తగ్గించేస్తుంది. మందు మొదలయ్యాక కళ్లు పచ్చబడినా, అన్నం సహించకపోయినా ఆపి వెంటనే చూపించుకోండి.

ఒకసారి పాజిటివ్ వస్తే మళ్లీ మళ్లీ టెస్టు అక్కర్లేదు, ఏటా లక్షణాలు చూసుకుంటే సరిపోతుంది. నెగిటివ్ వచ్చి, తర్వాత ఎప్పుడైనా మాస్కు లేకుండా టీబీ రోగి దగ్గర గడపాల్సి వస్తే, 8 నుంచి 10 వారాలయ్యాక ఇంకోసారి చేయించండి. అనుమానాలుంటే ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ నిక్షయ్ 1800-11-6666కి ఫోన్ చేయండి, డబ్బు పడదు.