మనం ఆడిన టీవీ గేమ్‌ల మీద సొంత వెబ్‌సైట్ ఎలా పెట్టాలి?

పాత వీడియో గేమ్‌ల మీద సైట్ పెట్టేవాళ్లలో ఎక్కువమంది ముందుగా మారియో చరిత్ర రాస్తారు. సూపర్ మారియో బ్రదర్స్ 1985లో వచ్చిందని, నింటెండో చేసిందని వందల చోట్ల ఉంది. కడపలోనో ప్రొద్దుటూరులోనో పిల్లలు ఆడిన క్యాసెట్ మీద ఏ బొమ్మ ఉండేది, లోపల ఏయే ఆటలు ఉండేవి అన్నది వెతికితే మాత్రం దాదాపు ఏమీ దొరకదు. మీరు రాయాల్సింది అదే.

ముందు హద్దు గీసుకోండి. అటారీ నుంచి ప్లేస్టేషన్ దాకా అన్నీ పెడదామనుకుంటే నాలుగు పేజీలకే ఓపిక అయిపోతుంది. మన ఇళ్లలో టీవీకి తగిలించి ఆడినవాటిలో చాలావరకు, జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో గేమ్ మిషన్ ఫామికామ్‌కు నకళ్లు. వాటి క్యాసెట్‌కు 60 పిన్నులుంటాయి, అదే మిషన్‌కు అమెరికా రూపమైన ఎన్ఈఎస్ క్యాసెట్‌కు 72. సైట్‌కు ఈ ఒక్క మిషన్ చాలు. అంగట్లో నిలబడి ఆడిన పెద్ద మిషన్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక సరుకు. అటక మీద, బంధువుల ఇళ్లలో, పాత టీవీ మెకానిక్‌ల దగ్గర క్యాసెట్లు ఇంకా ఉంటాయి. దొరికినదాన్ని చిన్నప్పటి అలవాటుతో ఊదకండి, నోటి తడికి పిన్నులు చెడతాయి. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, బాగా ఆరాక పెట్టండి.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ‘9999 ఇన్ 1’ లాంటి క్యాసెట్ల మీద. అందులో అన్ని ఆటలు లేవని ఆడిన ప్రతివాడికీ తెలుసు. ఉన్న కొన్ని ఆటలే పేరు మార్చుకుని, మధ్య లెవెల్ నుంచో ఎక్కువ లైఫులతోనో మళ్లీ మళ్లీ వస్తుంటాయి. మరి తేడా ఉన్న ఆటలు ఎన్ని? ఓపిగ్గా మెనూ మొత్తం నడిపి లెక్క తీయండి. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకోండి: మెనూలో నంబరు, అక్కడ రాసిన పేరు, తెరిస్తే వచ్చిన ఆట, అందులో మార్పు. కాంట్రా ఉంటే 30 లైఫుల కోడ్ కొట్టి చూడండి: పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బీ, ఏ, ఆ తర్వాత స్టార్ట్. మీ క్యాసెట్‌లో అది పనిచేస్తుందా లేదా అన్నది కూడా రాయాల్సిన విషయమే. ఇలాంటి పట్టిక ఒక్క క్యాసెట్‌కు పూర్తి చేసినా చాలు, ఇంకెక్కడా దొరకని పేజీ మీ దగ్గర ఉన్నట్టే. మూత విప్పగలిగితే లోపలి బోర్డును కూడా ఫొటో తీయండి. చవక క్యాసెట్లలో చాలావాటికి చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు బొట్టు కనిపిస్తుంది.

గేమ్‌ల అంగడి నడిపినవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉంటే వెళ్లి కలవండి. ‘ఆ రోజుల గురించి చెప్పండి’ అని అడిగితే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ‘అన్నా, అప్పుడు పిల్లోళ్లు యా క్యాసెట్ ఎక్కువ అడుగుతాండ్రి?’ అంటే మాట సాగుతుంది. పేరు, ఫొటో పెట్టాలంటే మాత్రం వాళ్ల అనుమతి తీసుకోవాలి.

ఫొటోల విషయంలో కొంచెం శ్రద్ధ కావాలి. క్యాసెట్ లేబుల్ మెరుస్తుంది కాబట్టి ఫ్లాష్ వద్దు, కిటికీ దగ్గరి వెలుతురు చాలు. కడప ఎండలో నేరుగా పెడితే రంగులన్నీ తెల్లబోతాయి. డబ్బా టీవీ తెరను ఫోన్‌తో తీస్తే నల్లటి పట్టీలు పడతాయి. కెమెరా ప్రో మోడ్‌లో షటర్‌ను 1/25 సెకను దగ్గర పెట్టి, ఫోన్ కదలకుండా స్టాండు మీద ఉంచి తీయండి. ఆటలోని స్క్రీన్‌షాట్ అసలు సైజు 256×240 పిక్సెళ్లు. దాన్ని రెండింతలో మూడింతలో చేయండి, మధ్యలో ఒకటిన్నర రెట్లు చేస్తే బొమ్మ వంకర పోతుంది. జేపెగ్‌లో దాస్తే అంచులు మసకబారతాయి, పీఎన్‌జీలోనే దాయండి. పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో ఇమేజ్-రెండరింగ్‌ను పిక్సలేటెడ్ అని పెడితే బ్రౌజర్ కూడా వాటిని మసక చేయదు.

సైట్ కట్టడం నిజానికి వీటన్నిటికంటే తేలిక. వర్డ్‌ప్రెస్ లాంటి సైట్ కట్టే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లో నాలుగైదు ఫైళ్లు రాసి, సైట్లకు ఉచితంగా చోటిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే డబ్బు కట్టే పని లేదు, సైట్ 1 జీబీ దాటకూడదు అంతే. ప్రతి ఫైలు మొదట్లో అక్షరాల కోడ్ యూటీఎఫ్-8 అని, భాష తెలుగు అని ప్రకటించండి. ఫోన్‌కు తగ్గట్టు అమరేందుకు వ్యూపోర్ట్ లైను మరవకండి. ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ బాగుంటుంది, రెండూ ఉచితం. లైన్ల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.7 రెట్లయినా ఇవ్వండి, లేకపోతే పై లైను వత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి. ఫైలు పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టండి. తెలుగులో పెడితే, లింకును వాట్సాప్‌లో పంపినప్పుడు చాలాసార్లు శాతం గుర్తుల బారుగా మారిపోతుంది.

డౌన్‌లోడ్‌కు గేమ్‌లు పెట్టాలన్న ఆశ అందరికీ పుడుతుంది. వద్దు. ఆట పాతదైనా కాపీరైట్ బతికే ఉంటుంది. 2018లో నింటెండో అమెరికాలో పాత ఆటలను డౌన్‌లోడ్‌కు పెట్టిన లవ్‌రామ్స్ అనే సైట్ మీద కేసు వేస్తే, నడిపినవాళ్లు కోటి ఇరవై లక్షల డాలర్లకు పైబడిన తీర్పుకు ఒప్పుకుని రాజీపడాల్సి వచ్చింది.

సైట్ లేచాక మెరుగుపరచడం మొదలవుతుంది. ముందు బరువు తగ్గించండి. సూపర్ మారియో ఆట మొత్తం 40 కిలోబైట్లు, ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో దానికి వంద రెట్లు ఉండడం మామూలే. ఫొటోలను వెడల్పు 1000 పిక్సెళ్లకు కుదించి తక్కువ సైజులో దాచే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చండి. తర్వాత ఇంట్లో ఉన్న అన్నిటికంటే పాత ఫోన్‌లో, వైఫై ఆపేసి తెరిచి చూడండి.

రెండోది, జనం నిజంగా అడిగే ప్రశ్నలకు పేజీలు రాయడం. ఉదాహరణకు, బాతులను కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ ఇప్పటి ఎల్ఈడీ టీవీ మీద ఎందుకు పనిచేయదు? ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణంపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి పెట్టె వెలుగుతుంది. తుపాకీ కొనలోని సెన్సర్ ఆ వెలుగును సరిగ్గా ఆ క్షణంలో చూడాలి. కొత్త టీవీ బొమ్మను చూపించడంలో చేసే కొద్దిపాటి ఆలస్యానికే లెక్క తప్పుతుంది. ఈ నాలుగు వాక్యాలకు ఒక బొమ్మ గీసి పెడితే చాలు, పేజీ తయారు.

మూడోది, మనవాళ్లు వాడే పేర్లు. అంగట్లో నిలబడి ఆడిన పెద్ద మిషన్ల సంగతికి వచ్చాక, క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌ను ఇక్కడ ఎవరూ ఆ పేరుతో వెతకరు, ముస్తఫా అనే వెతుకుతారు. శీర్షికలో రెండూ ఉండాలి.

నెలకోసారి లింకులన్నీ నొక్కి చూడండి, ఫైళ్లు ఇంకో డ్రైవ్‌లో దాచుకోండి. కొత్త పేజీ పెట్టినప్పుడల్లా దాని చిరునామాను, వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ సైట్‌లో భద్రపరచండి, దానికి ఖర్చేమీ లేదు. సొంత డొమైన్, అంటే సైట్‌కు సొంత చిరునామా కొనే పని మాత్రం ఒక క్యాసెట్ పట్టికైనా పూర్తయ్యాక పెట్టుకోండి. ఏటా డబ్బు కట్టాలి, ఒక్క ఏడాది మరిచినా ఆ పేరు ఇంకొకరు పట్టుకుపోవచ్చు.