ప్రీమిక్స్‌లో కాపర్ రీడింగ్ కుదిరింది ఇలా

కోళ్ల దాణాలో కలిపే మినరల్ ప్రీమిక్స్‌లో (ఖనిజాల పొడి మిశ్రమం) కాపర్ ఎంతుందో అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రంలో (లోహం పీల్చుకునే వెలుతురును బట్టి దాన్ని కొలిచేది) చూస్తుంటే, ఒకే కవరులోంచి తీసిన రెండు శాంపిళ్లకు రెండు రకాల రీడింగులు. ల్యాంప్ మార్చాను, స్టాండర్డ్‌లు (కాపర్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) మళ్లీ చేసుకున్నాను, యాసిడ్ కొత్త సీసా తెరిచాను, ఏదీ పనిచేయలేదు.

కవరును వెలుతురులో పట్టుకుని చూస్తే ఒక మూల నీలం పలుకులు గుంపుగా కనిపించాయి. కాపర్ సల్ఫేట్! నేను తూచేదేమో అర గ్రాము. అందులో ఒక్క పలుకు ఎక్కువ పడినా లెక్క తారుమారే.

కవరు మొత్తం శుభ్రమైన షీటు మీద కుమ్మరించి, బాగా కలిపి, కుప్పచేసి నాలుగు భాగాలు చేశాను. ఎదురెదురు మూలల్లోని రెండే ఉంచుకున్నాను. ఇలా మూడుసార్లు. చివరికి ఉంచుకున్నదంతా పింగాణీ కల్వంలో నూరాను (ఇత్తడిది అస్సలు వద్దు, కాపర్ అందులోంచే అంటుతుంది). నీలం చుక్క ఒక్కటి కూడా విడిగా కనబడనంత మెత్తగా నూరాలి, అసలు పని ఇదే. తర్వాత 5 గ్రాములు తూచి, 550 డిగ్రీల దగ్గర 4 గంటలు బూడిద చేసి, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేడిచేసి కరిగించి, వడకట్టి, స్టాండర్డ్‌ల పరిధిలోకి వచ్చేదాకా పలచన చేసి 324.8 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చూశాను. రెండు రీడింగులూ దగ్గరికొచ్చాయి.

నేను చేసింది సల్ఫేట్ ఉన్న ప్రీమిక్స్‌తోనే. తయారైన దాణాకూ ఇదే సరిపోతుందని చెప్పలేను. సెలీనియానికి మాత్రం ఇలా బూడిద చేయకండి, వేడికి ఆవిరైపోతుంది.