లైవ్ పోకర్ మర్యాదలు – నాలుగో పాఠం: ఎంతసేపు ఆలోచించవచ్చు?

పోయిన పాఠంలో బెట్ పెట్టే పద్ధతి చూశాం: చిప్స్ అన్నీ ఒకేసారి ముందుకు జరపడం, లేదా అంకె ముందే నోటితో చెప్పడం. ఈసారి ఆ బెట్‌కి ముందు గడిచే సమయం సంగతి. ఆన్‌లైన్‌లో ఆడి కొత్తగా లైవ్ టేబుల్‌కి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో గడియారం కళ్లముందే తిరుగుతుంది, గడువు దాటితే సాఫ్ట్‌వేరే మీ ముక్కలు పడేస్తుంది. లైవ్‌లో చాలా టేబుళ్ల దగ్గర గడియారం ఉండదు. ఎంతసేపు తీసుకోవాలో మీరే తేల్చుకోవాలి, అదీ తొమ్మిది మంది టేబుల్‌లో మిగతా ఎనిమిది మంది మీవంకే చూస్తుండగా.

లైవ్ టేబుల్ మీద గంటకి సుమారు 30 హ్యాండ్లు (ఒక్కో పంపకానికి ఒక ఆట) పడతాయి. అంటే ఒక్కో హ్యాండ్‌కి రెండు నిమిషాలు. మీరొక్కరే రెండు నిమిషాలు తీసుకున్నారంటే టేబుల్‌లో అందరికీ రావలసిన ఒక హ్యాండ్ పోయినట్టే. టోర్నమెంట్‌లో అయితే ఆలోపు బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే పెట్టాల్సిన తప్పనిసరి బెట్లు) పెరిగే వేళ కూడా దగ్గరపడుతుంది.

అలాగని కంగారుపడి ఆడమని చెప్పడం లేదు. టోర్నమెంట్ మొత్తం ఒక్క కాల్ (ఎదుటి బెట్‌కి సమానంగా చిప్స్ పెట్టడం) మీద ఆధారపడినప్పుడు నిమిషమో, నిమిషంన్నరో ఆలోచించడం మీ హక్కు. దానికి మంచి ఆటగాళ్లెవరూ ముఖం చిట్లించరు. వాళ్లకి విసుగు పుట్టేది వేరే అలవాటు: ఫ్లాప్‌కి ముందు (అందరికీ ఉమ్మడిగా టేబుల్ మీద మొదటి మూడు ముక్కలు పడకముందే), చేతిలో 7-2 లాంటి పనికిరాని ముక్కలు పట్టుకుని, ప్రతిసారీ ఇరవై సెకన్లు కూర్చుని ఆ తర్వాత ఫోల్డ్ చేయడం (ముక్కలు వదిలేయడం). అన్నిటికీ ఒకే వేగంతో ఆడితే ముక్కలు బయటపడవని కొందరి వాదన. ఆ వాదన నిజమే, కానీ ఆ ఒకే వేగం నాలుగైదు సెకన్లు ఉన్నా సరిపోతుంది. ముఖ్యమైన నిర్ణయానికి సమయం అడిగే అర్హత, చిన్నవాటిని చకచకా తేల్చేసినవాళ్లకే దక్కుతుందని నా గట్టి అభిప్రాయం.

సమయం కావాలనిపిస్తే చేయవలసిన మొదటి పని, నోరు తెరిచి “టైమ్” అనడం. ఇది మర్యాదే కాదు, మీకు రక్షణ కూడా. మీరు మౌనంగా కూర్చుంటే, మీ పక్కనున్నవాళ్లు మీరు చెక్ చేశారనో (బెట్ పెట్టకుండా వంతు దాటించారనో) ఫోల్డ్ చేశారనో అనుకుని తమ వంతు ఆడేయవచ్చు. 2001లో మొదలైన టోర్నమెంట్ డైరెక్టర్స్ అసోసియేషన్ నియమాల ప్రకారం, మిమ్మల్ని దాటి ఇద్దరు ఆడి వాళ్లలో ఒక్కరైనా చిప్స్ పెట్టినా, లేదా ముగ్గురు ఏదో ఒకటి (చెక్, ఫోల్డ్ సహా) చేసేసినా, మీరు అప్పటిదాకా అభ్యంతరం చెప్పకపోతే మీ హ్యాండ్ (చేతిలోని ముక్కలు) చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. ఒక్క మాట అంటే చాలు, డీలర్ చేయి అడ్డుపెట్టి ఆటని ఆపుతారు.

ఇక అసలు నైపుణ్యం. మీ వంతు వచ్చేలోపే సగం ఆలోచన ముగించడం. ఒక హ్యాండ్ దగ్గరగా చూద్దాం. చేతిలో రెండు ఇస్పేట్లు, టర్న్ (టేబుల్ మీద నాలుగో ముక్క) పడేసరికి అక్కడ ఇంకో రెండు ఇస్పేట్లు. ఫ్లష్‌కి (ఒకే గుర్తు ముక్కలు ఐదు) ఒక్క ముక్క తక్కువ. పాట్‌లో (మధ్యలో చేరిన బెట్ల మొత్తంలో) 6,000 చిప్స్. ఎదుటి ఆటగాడు ఇంకా ఆలోచిస్తున్నాడు. ఆ ఖాళీలోనే లెక్క వేయండి: మీరు చూడని ముక్కలు 46, అందులో ఇస్పేట్లు 9. అంటే సుమారు ఐదింట ఒకసారి, 20 శాతానికి కొంచెం తక్కువ. ఇది బెట్ ఎంతయినా మారదు. తర్వాత అతను 3,000 పెట్టాడు. పాట్‌లో సగం బెట్‌కి కాల్ చేయాలంటే (3,000 పెడితే మొత్తం 12,000 అవుతుంది) 25 శాతం అవకాశం కావాలి. మీకు అంత లేదు. కాబట్టి మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఫ్లష్ కలిస్తే, ఆ లోటు పూడేలా, రివర్‌లో (ఐదో, ఆఖరి ముక్క దగ్గర) అతని నుంచి ఇంకో 3,400 చిప్స్ దాకా రాబట్టగలనా? మీ సమయమంతా ఈ ప్రశ్నకే ఖర్చుపెట్టాలి. దీనికి పది, పదిహేను సెకన్లు చాలు. లెక్క కూడా అప్పుడే మొదలుపెట్టేవాళ్లకి నిమిషం దాటుతుంది, ఆ హడావిడిలో తప్పు కూడా జరుగుతుంది. పాట్‌లో మూడో వంతు బెట్‌కి 20 శాతం, సగానికి 25, మొత్తం పాట్‌కి 33. ఈ మూడు అంకెలు కంఠస్థం చేయండి.

ఎవరైనా హద్దు దాటి కూర్చుంటే “క్లాక్” (వాళ్లకి గడువు పెట్టమని) అడగవచ్చు. ఫ్లోర్ (ఆటని పర్యవేక్షించే అధికారి) వచ్చి, తగినంత సమయం గడిచిందనిపిస్తే 25 సెకన్లు ఇచ్చి, ఆపైన 5 సెకన్లు పైకి లెక్కపెడతారు. అప్పటికీ తేల్చకపోతే, ఎదురుగా బెట్ ఉంటే ఆ హ్యాండ్ పోయినట్టే, లేకపోతే చెక్ కింద లెక్క. క్యాష్ గేమ్‌లో (టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడే ఆటలో) ఆ క్లబ్ నియమం వేరుగా ఉండవచ్చు, కూర్చునే ముందు డీలర్‌ని అడిగి తెలుసుకోండి. కొన్ని పెద్ద టోర్నమెంట్లలో ఈ తగవే ఉండదు: వరల్డ్ పోకర్ టూర్ 2017లోనే 30 సెకన్ల గడియారం తెచ్చింది, అదనపు సమయానికి కార్డులు ఇస్తారు.

క్లాక్ అడిగే తీరులోనే మర్యాద ఉంది. ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టడం) గురించి ఎదుటివారు ఆలోచిస్తుంటే పదిహేను సెకన్లకే అడగడం మొరటుతనం. రెండు నిమిషాలు దాటాక, డీలర్ వైపు తిరిగి, “దయచేసి క్లాక్ పిలుస్తారా?” అంటే చాలు. ఆలోచిస్తున్న వ్యక్తితో వాదం వద్దు. మీ మీద ఎవరైనా అడిగితే, “సరే” అని ఆలోచన కొనసాగించండి, ఎవరు అడిగారో వెతకకండి. ఆ సెకన్లు మీవి, వాటిని కోపానికి ఇవ్వకండి.

ఎదుటివాళ్లు ఆలోచిస్తున్నప్పుడు హ్యాండ్‌లో లేనివాళ్లు వాళ్ల హ్యాండ్ గురించి నోరు మెదపకూడదు. “ఫ్లష్ ఉన్నట్టుంది” అన్న ఒక్క మాట కూడా నేరమే, ఎందుకంటే ఒక హ్యాండ్‌కి ఒకే ఆటగాడు.

రెండు పనులకు మాత్రం ఏ సాకూ చెల్లదు. ఒకటి స్లోరోల్: ఓడే అవకాశమే లేని ముక్కలు చేతిలో పెట్టుకుని, ఆల్-ఇన్‌కి ఎదురుగా బాధపడుతున్నట్టు కూర్చుని ఆఖరికి కాల్ చేయడం. వెంటనే కాల్ అని, వెంటనే ముక్కలు తిప్పండి. రెండోది, బహుమతులు మొదలయ్యే హద్దు దగ్గర తక్కువ చిప్స్‌తో ఉండి, వేరేవాళ్లు ముందు బయటికి పోవాలని ప్రతి హ్యాండ్‌నీ సాగదీయడం. దీన్ని అడ్డుకోవడానికే ఆ దశలో అన్ని టేబుళ్లూ ఒక్కో హ్యాండ్ పూర్తిచేసి, మిగతావి ముగిసేదాకా ఆగుతాయి.

సాధన: ఒక పేక కట్ట, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసుకోండి. రెండు ముక్కలు మీకు, నాలుగు టేబుల్ మీద వేయండి. మీకు పనికొచ్చే ముక్కలు ఎన్ని మిగిలాయో పది సెకన్లలో చెప్పాలి. ఆ తర్వాత పాట్, బెట్ అంకెలు ఊహించుకుని, కావలసిన శాతం ఇంకో ఐదు సెకన్లలో. రోజుకి ఇరవై సార్లు, వారం పాటు. ఐదో పాఠంలో ముక్కలు ముందు ఎవరు చూపాలో చూద్దాం.