మైకా మీద డీపీపీసీ చారలు: ట్రఫ్ ముట్టుకునే ముందు

ట్రఫ్ అనే లోతు తక్కువ తొట్టిలో నీళ్ల మీద డీపీపీసీ అనే లిపిడ్‌ను (కొవ్వు లాంటి పదార్థం) ఒక్క అణువు మందం పొరగా పరిచి, నీళ్లలోంచి మైకా (అభ్రకం) రేకును పైకి లాగితే ఆ పొర దాని మీద చారలుగా అంటుకుంటుంది. ముందు నీళ్లు. మంజీరా అయినా బోరు అయినా కుళాయి నీళ్లు ట్రఫ్ దగ్గరికి రానివ్వకండి, 18.2 మెగాఓమ్ నీళ్లే, అంటే లవణాలన్నీ తీసేసిన అతి శుద్ధమైన నీళ్లే పోయండి. లిపిడ్ వేయకుండా బ్యారియర్లు (నీటి పైభాగాన్ని కుదించే అడ్డుపట్టీలు) పూర్తిగా దగ్గరకు తెచ్చి చూడండి, ఉత్త నీళ్ల మీదే ఉపరితల ప్రెషర్ పెరిగిందంటే ఎక్కడో జిడ్డు ఉన్నట్టే, మళ్లీ కడగాల్సిందే.

మైకాను టేపుతో అప్పటికప్పుడు చీల్చి, లిపిడ్ వేయకముందే నీళ్లలో ముంచేయండి. లిపిడ్ కరిగించిన క్లోరోఫామ్‌కు గాజు సిరంజే వాడాలి. నీళ్ల మీద వేశాక క్లోరోఫామ్ ఆవిరయ్యేలా పావుగంట ఆగండి, తొందరేం లేదు.

అసలు టెన్షన్ మైకాను నీళ్లలోంచి పైకి లాగేటప్పుడే. 2000లో జర్మనీలోని మ్యూన్‌స్టర్ బృందం చూపించిన చారలు మీటరుకు 3 మిల్లీన్యూటన్ల ప్రెషర్‌లో, 22.5 డిగ్రీల దగ్గర, నిమిషానికి 60 మిల్లీమీటర్ల వేగంతో లాగితే వచ్చినవి. ప్రెషర్ బాగా పెరిగితే పొర నీళ్ల మీదే గట్టిపడిపోతుంది, ఇక మైకా మీద చారలుగా విడిపోవడానికి ఏం మిగలదు. మన మే నెల ఎండల్లో ఏసీ ఆగి ఆగి తిరుగుతుంటే డిగ్రీ అటూ ఇటూ అవుతుంది కాబట్టి ట్రఫ్ అడుగు గుండా విడిగా నీళ్లు తిప్పి చల్లబరిచే చిల్లర్‌నే నమ్ముకోండి, గది థర్మామీటర్‌ను కాదు. ఏసీ గాలి నేరుగా తగిలితే మైకా అంచున నీటి గీత వణుకుతుంది, ట్రఫ్ చుట్టూ ఉన్న డబ్బా మూసే ఉంచండి. ముసురు రోజుల్లో మైకా ఆరే తీరే మారుతుంది, గాలిలో తేమ రాసిపెట్టుకోండి.

చారల మధ్య కాలువలు 200 నానోమీటర్లే, కంటికి ఆనవు. ఏఎఫ్‌ఎం (సన్నటి సూదిమొనతో ఉపరితలాన్ని తడిమి చూపించే మైక్రోస్కోప్) స్లాట్ ముందే బుక్ చేసుకోండి.