హాస్పిస్‌లో చేర్చేటప్పుడు

నేను హైదరాబాద్‌లో ఒక హాస్పిస్ వార్డులో, అంటే జబ్బు నయం కాని వారిని చివరి రోజుల్లో బాధ లేకుండా చూసుకునే చోట, నర్సును. ఇక వ్యాధికి చికిత్స లేదని డాక్టరు చెప్పగానే మమ్మల్ని సంప్రదించండి. ఆఖరి ఘడియల దాకా ఆగకండి. నొప్పి, ఆయాసం తగ్గితే మనిషి మళ్లీ మనవళ్లతో మాట్లాడతాడు. ఆ రోజులు పోగొట్టుకోవద్దు.

రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది. 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవలందిస్తోంది. ఎక్కడికైనా ముందు ఫోను చేసి పడక ఖాళీ ఉందేమో కనుక్కోండి. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు, ఆధార్, వాడుతున్న మందులన్నీ తెచ్చుకోండి. ఇంట్లో రోజూ కప్పుకునే దుప్పటి కూడా.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ మందు పేరు వినగానే ఎవరో ఒక బంధువు అడ్డుపడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు. మామూలు మాత్రను సాధారణంగా 4 గంటలకోసారి వేయాలి, నొప్పి లేచేదాకా ఆగకూడదు. మలబద్ధకం చేస్తుంది కాబట్టి విరేచనం మందు మొదటి రోజు నుంచే అడగండి.

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసింది తిండి గురించి. 'రెండు ముద్దలైనా తినలేదు సిస్టర్' అని ఏడవని కూతురు లేదు. శరీరం ముగింపుకు వచ్చినప్పుడు ఆకలి దానంతటదే పోతుంది. తినకపోవడం వల్ల మనిషి పోవడం లేదు, పోతున్నందువల్ల తినడం లేదు. బలవంతంగా గంజి పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దానికి బదులు శుభ్రమైన గుడ్డను వేలికి చుట్టి, నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, చిగుళ్లు, నాలుక నెమ్మదిగా తుడవండి. పెదవులకు కాస్త కొబ్బరినూనె రాయండి. స్పృహ లేనివారికి తులసి తీర్థం చెంచాతో పోయకండి, తడి వేలితో పెదవికి తాకించండి చాలు. ఆ పని కూతురి చేత చేయిస్తే తనకూ కొంత ఊరట.

'నాన్నకు చెప్పకండి' అని మమ్మల్ని బతిమాలతారు. చాలామందికి ముందే తెలిసి ఉంటుంది. ఏం తెలుసుకోవాలనుందో ఆయననే అడగండి.

నేత్రదానం చేయాలనుకుంటే ముందే మాకు చెప్పి ఉంచండి. మరణించిన 6 గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. బ్లడ్ క్యాన్సర్ ఉన్నవారి నుంచి తీసుకోరు. కనురెప్పలు మూసి తడి దూది పెట్టి, ఫ్యాను ఆపి, ఐ బ్యాంకుకు ఫోను చేయండి. మరణ కారణం రాసిన డాక్టరు పత్రం మా దగ్గరే అడిగి తీసుకోండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి.