కార్డు బాకీకి ఐపీ పెట్టే ముందు లోక్ అదాలత్‌కి అర్జీ పెట్టి చూడండి

మా వైపు అప్పులు పీకల మీదకొస్తే మొదట వినపడే మాట "ఐపీ పెట్టేస్తాడట", అంటే కోర్టులో దివాలా పిటిషన్ వేస్తాడట అని. రొయ్య రేటు పడిపోయిన ఏడాది మేత కోసం మా బావ క్రెడిట్ కార్డు గీకి, మినిమం డ్యూ (బిల్లులో ఆ నెలకి కట్టాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతూ పోయాడు. వడ్డీ నెలకి మూడున్నర శాతం, అంటే ఏడాదికి 42, కట్టిందంతా దానికే సరిపోయింది. ఆయనా ఐపీ అనే అన్నాడు.

కార్డు బాకీ సివిల్ వ్యవహారం, కట్టలేకపోయినంత మాత్రాన జైల్లో వెయ్యరు, ఆ టెన్షన్ వదిలెయ్యండి (చెక్కు బౌన్స్ అయితే వేరే కథ). రికవరీ వాళ్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 దాటాక ఫోన్ చెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది.

భీమవరం, నరసాపురం, అమలాపురం లాంటి చోట్ల కోర్టులోనే లోక్ అదాలత్ (రెండు వైపుల వాళ్లనీ కూర్చోబెట్టి రాజీ కుదిర్చే వేదిక) నడిపే మండల న్యాయ సేవాధికార కమిటీ ఉంటుంది, జిల్లా సంస్థలు ఏలూరు, రాజమండ్రిలో. కోర్టులో కేసు పడకపోయినా ప్రీ లిటిగేషన్ కింద తీసుకోమని తెల్లకాగితం మీద రాసివ్వచ్చు, ఫీజు లేదు. ఆధార్ జిరాక్సు, కార్డు స్టేట్‌మెంట్లు, బ్యాంకు నోటీసులు జతచెయ్యండి. మా బావ "దయచేసి మాఫీ చేయగలరు" అని రాసుకెళ్తే అక్కడి గుమస్తా దాన్ని పెన్నుతో కొట్టేసి, "ఎంత కడతారో, ఎప్పటిలోగా కడతారో అది రాయండి" అన్నాడు. అసలు కిటుకు అదే. బిల్లు 1,86,000 ఉంటే ఈయన 90 వేలు, ఆరు వాయిదాలు అని రాశాడు. బ్యాంకుకి నోటీసు వెళ్లింది, వాళ్ల ఆఫీసరు వచ్చాడు, బేరమాడి లక్షా పదికి తెగ్గొట్టారు. బ్యాంకు ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చెయ్యరు.

రాజీ కుదిరి అవార్డు (రాజీ షరతులతో ఇచ్చే ఉత్తర్వు) ఇచ్చారంటే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం, అప్పీలు ఉండదు, వాయిదా తప్పితే అమలు కోసం బ్యాంకు కోర్టుకెక్కుతుంది, కాబట్టి కట్టగలిగిన అంకెకే సంతకం పెట్టండి. చివరి వాయిదా కట్టాక ఇక బాకీ లేదని నో డ్యూస్ లెటర్ అడిగి తీసుకోండి. సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర ఉండే రికార్డు) మాత్రం "సెటిల్డ్" అని పడుతుంది, తర్వాత లోన్లకి అది అడ్డమే. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇక ఐపీ అంటారా, అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ఉన్న ఆస్తులు, అప్పులు అన్నీ పిటిషన్‌లో చూపించాలి, దివాలా ప్రకటించాక ఆస్తి కోర్టు పెట్టే రిసీవర్ చేతికి పోతుంది. చెరువు అక్క పేరున రాసేసి ఐపీ పెడితే పోలా అని మా బావ లాయర్ని అడిగాడు. రెండేళ్ల లోపు అలా ఊరికే రాసిన ఆస్తుల్ని కోర్టు రద్దు చెయ్యొచ్చని ఆయన చెప్పాక, ఇంక ఆ ఊసెత్తలేదు.