'సజెస్ట్' అనే మాటను తప్పు లేకుండా వాడటం ఎలా?

హనుమకొండలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు "సార్, సజెస్ట్ మి ఎ గుడ్ డిక్షనరీ" అంటారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లూ అంటారు, టీచర్లూ అంటారు. ఒక్క సాయంత్రం కూర్చుంటే పోయే తప్పు ఇది.

నోటుబుక్కు, పెన్ను తీసుకోండి. ఫోన్లో అనువాదం యాప్ మూసేయండి.

ముందు అర్థం. సజెస్ట్ అంటే సూచించడం. ఒక ఆలోచన ఎదుటివారి ముందు పెడతాం; ఒప్పుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. బ్రిటిష్ వాళ్లు 'సజెస్ట్' అంటారు, అమెరికన్లు ఎక్కువగా 'సగ్‌జెస్ట్' అంటారు. రెండూ సరైనవే.

ఇక వాక్యం. ఇక్కడ నిదానంగా చదవండి, అందరూ జారేది ఇక్కడే.

"నాకు ఒక పుస్తకం సూచించండి" అని మనసులో అనుకుని, ఆ 'నాకు'ను 'మి' చేసి సజెస్ట్ పక్కన పెట్టేస్తాం. గివ్ మి, టెల్ మి ఉన్నాయి కదా అని ధైర్యం. కానీ సజెస్ట్ పక్కన రావలసింది సూచించే వస్తువు. అక్కడ మనిషిని పెడితే ఆ మనిషినే సూచించినట్టు. కాలనీ మీటింగులో సెక్రటరీగా ఎవరుండాలని అడిగినప్పుడు "సజెస్ట్ మి" అంటే "నా పేరు చెప్పండి" అని! అందుకే "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ డిక్షనరీ?" అనండి, చాలు. అడుగుతున్నది మీరే కాబట్టి 'నాకు' అని వేరే చెప్పక్కర్లేదు. చెప్పి తీరాలంటే చివర 'టు' పెట్టి చెప్పండి: "షి సజెస్టెడ్ ఎ డిక్షనరీ టు మి."

సూచించేది పని అయితే? "ఐ సజెస్ట్ టు గో" తప్పు. తెలుగు వాక్యం తోక చూడండి. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మా ఇంటికొచ్చే చుట్టాలకు చెప్పే మాటే తీసుకోండి. "రామప్పకు పోదాం": 'దాం' ఉంది, ఇంగ్ పెట్టండి. "ఐ సజెస్ట్ గోయింగ్ టు రామప్ప." "మీరు పొద్దున్నే బయలుదేరండి": 'అండి' ఉంది, మనిషిని పెట్టి ఉత్త క్రియ వేయండి. "ఐ సజెస్ట్ యు స్టార్ట్ ఎర్లీ."

మనిషి రాకూడదన్నారు కదా, ఈ 'యు' ఎక్కడిది అంటారు. అది స్టార్ట్‌కు కర్త. సజెస్ట్‌కూ దానికీ మధ్య 'దట్' దాగి ఉంది. అందుకే "ఐ సజెస్ట్ హి స్టార్ట్ ఎర్లీ" అంటాం, 'హిమ్' అనం. 'స్టార్ట్స్' అని ఎస్ కూడా తగిలించొద్దు. "హి షుడ్ స్టార్ట్" అన్నా సరిపోతుంది కానీ, నా క్లాసులో ఉత్త క్రియే రాయిస్తాను.

కొందరు ఇంగ్ తీసుకునే క్రియల పట్టిక బట్టీ పట్టిస్తారు. నర్సంపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి ఎర్ర ఇంకుతో రాసుకున్న నలభై క్రియలు గడగడా అప్పజెప్పింది. మరు నిమిషమే "ఐ సజెస్ట్ టు టేక్ బస్" అంది. దాం, అండి తేడా చెప్పాక ఆ అమ్మాయి మళ్లీ తప్పలేదు.

ఈ మాటకు ఇంకో అర్థమూ ఉంది: ఆనవాలు చూపడం. భద్రకాళి చెరువు మీద నల్లమబ్బు కమ్మితే "ద క్లౌడ్స్ సజెస్ట్ రెయిన్" అనొచ్చు.

ఈ రాత్రి 'దాం'తో అయిదు, 'అండి'తో అయిదు తెలుగు వాక్యాలు రాసి, ఒక్కోదాని కింద ఇంగ్లిష్ రాయండి. రాసిన ప్రతిదీ పైకి చదవండి.